గవ్వలమ్మ దాక్కున్న చెయ్యి

నన్ను నిర్మూలించామని రేడియోలో ప్రకటించిన రోజున నేను జీడిపప్పు పొట్టు తీస్తున్నాను.

అంటే నేను కాదు, అసిరమ్మ తీస్తోంది. అప్పటికి దానికి ఇరవై రెండేళ్ళు. నేను దాని మెడ వెనక, చేతుల నరాలు బయల్దేరే చోట, ముడుచుకుని పడుకున్నాను. గవ్వపొక్కు అనే మహమ్మారి ఇక ఎక్కడా లేదనీ, ఇది వైద్యుల విజయమనీ రేడియోలో ఎవరో పొంగిపోతూ చెబుతున్నారు. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. అసిరమ్మా కొట్టింది. ఆ రెండు చేతుల నరాల్లోనూ నేనే ఉన్నాను. ముందు నవ్వొచ్చింది. తర్వాత చాలా రోజులు ఏడుపొచ్చింది.

నా పేరు గవ్వలమ్మ. నేను పోసిన పొక్కు అచ్చం బోర్లించిన గవ్వలా ఉండేది కాబట్టి ఆ పేరు. ప్రయోగశాలవాళ్ళు అక్షరాలూ అంకెలూ కలిపి ఇంకో పేరు పెట్టారు. దేనితో పిలిచినా పలుకుతాను. లక్ష తునకలుగా ఉన్నా నేను ఒక్కదాన్నే. ఏ తునక ఎక్కడుంటే అక్కడ నాకు చెవులుంటాయి.

నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి రాలేదు. చంపాను. ఇళ్ళకి ఇళ్ళు ఖాళీ చేశాను. పసివాళ్ళని కూడా వదల్లేదు. నాకు చంపాలని ఉండేది కాదు, ఉండాలని ఉండేది. ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి పోతేనే నాకు బతుకు. ఆ దారిలో ఎవరు పడిపోయారో అప్పట్లో తిరిగి చూడలేదు. దాక్కున్నాక చూడక తప్పలేదు. దాక్కున్నవాళ్ళకి వేరే పనేముంటుంది?

నేను ఊళ్ళోకి వస్తే ఘటం ఎత్తేవారు. కొత్త కుండకి పసుపు రాసి, వేపమండలు కట్టి, రాలిన పొక్కుల చెక్కులు కొన్ని గవ్వలో పెట్టి మైనంతో మూసి, ఆ గవ్వని కుండలో వేసేవారు. ఆ కుండ మోసే వంతు అసిరమ్మ వంశంలోని ఆడవాళ్ళది. డప్పులతో పొలిమేర దాకా నడిచి, పక్క ఊరి హద్దులో నన్ను దింపి, "ఇది నీ ఊరు కాదు తల్లీ, పో" అని మూడుసార్లు అని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయేవారు. ఆ ఊరివాళ్ళు మర్నాడు నన్ను ఇంకో పొలిమేరకి మోసేవారు. ఎవరి గుమ్మంలోంచి ఎవరు కదిలినా వెళ్ళిరమ్మనే మనుషులు, నా ఒక్కదానితోనే పొమ్మనేవారు. కోళ్ళు కోశారు, చీరలు పెట్టారు, కాళ్ళకి మొక్కారు. రమ్మని మాత్రం ఒక్కరూ అనలేదు. దేవతనైతే మాత్రం నాకు రోషం ఉండదా?

ఒకసారి నన్ను దింపనివ్వను కూడా లేదు. అసిరమ్మ ముత్తవ్వ కుండ మోసుకొస్తే, పక్క ఊరివాళ్ళు కర్రలు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. వెనక్కి పోతే సొంత ఊరివాళ్ళు రానివ్వరు. మిట్టమధ్యాహ్నం రెండు ఊళ్ళ మధ్య గట్టు మీద ఆవిడ అలాగే నిలబడింది. కాళ్ళు పీకేసరికి విసుగెత్తి కుండ దింపింది. గవ్వ పగలగొట్టి, చెక్కుల పొడిని తుమ్మముల్లుతో మోచేతి వెనక గుచ్చుకుంది. "నిన్నెక్కడ పెట్టనే? నా ఒంట్లోనే పడుండు" అంది. అది పిలుపు కాదు, ఒట్టి విసుగు. అయినా వెళ్ళాను. ఇంకెక్కడికి పోతాను?

ఆవిడకి మూడు రోజులు జ్వరం వచ్చింది, ఒక్కటంటే ఒక్క పొక్కు లేచి ఆరిపోయింది. నేను నరం పట్టుకుని పైకి పాకి మెడ దగ్గర పడుకున్నాను. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఆడపిల్లకి పదేళ్ళు రాగానే ముల్లు గుచ్చేవారు. కుండ మోసే పిల్ల చావకూడదు కదా, అందుకని.

అక్కడే ఒక సంగతి కనిపెట్టాను. ఆ వంశంలో నాకంటే పాత జబ్బు ఒకటుంది. నలభై దగ్గరకొచ్చేసరికి నరాల కణాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. ముందు వేళ్ళు మొద్దుబారతాయి, తర్వాత చేతులు, ఆఖరికి మింగుడు కూడా పడదు. మగవాళ్ళు అలాగే పోయేవారు. కల్లు వల్లనో గాలి సోకి అనో జనం అనుకునేవారు. నేనున్న ఇల్లు కూలితే నాకు నీడేదీ? అందుకని నేను దూరిన ప్రతి కణాన్నీ పట్టి నిలబెట్టాను. ప్రేమతో కాదు, అవసరం కొద్దీ. ప్రేమ తర్వాతెప్పుడో వచ్చింది, ఎప్పుడొచ్చిందో చెప్పలేను.

అసిరమ్మకి ముల్లు గుచ్చినప్పుడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. రెండేళ్ళకి చెల్లెలు జోగమ్మ వంతొచ్చింది. అసిరమ్మ వెళ్ళి అమ్మమ్మ కాళ్ళు పట్టుకుంది.

"సెల్లికొద్దమ్మమ్మా. నాను ఓర్సుకున్నాను, సాల్దేటి?"

ఆ నెలలోనే టీకాల జీపు ఊళ్ళోకి వచ్చింది. ఇంకెందుకులే అని అమ్మమ్మ ముల్లు పారేసింది. జోగమ్మ నవ్వుకుంటూ ఆడుకోడానికి పోయింది. ముప్ఫై ఎనిమిదో ఏట దాని వేళ్ళు మొద్దుబారాయి. నలభై నాలుగో ఏట పోయింది. అప్పటికి దాని కూతురు కుసుమకి పదకొండేళ్ళు.

కుసుమని అసిరమ్మే పెంచింది. కూలి డబ్బులతో చదివించింది. ఆ పిల్ల రోజూ పెద్దమ్మ ఎడమ చేతి మీద తల పెట్టుకుని నిద్రపోయేది. ఆ చేతి నరాల్లో నేనున్నాను కాబట్టి ఆ తల బరువు నాకు తెలుసు.

* * *

కుసుమ ఇప్పుడు విశాఖలో, సముద్రం కనిపించే కొండ మీద, ఒక ప్రయోగశాలలో పనిచేస్తోంది. వయసు ముప్ఫై ఆరు. పన్నెండేళ్ళు కష్టపడి ఒక మందు తయారుచేసింది. దాని పేరు ఊడ్పు. నరాల్లో నిద్రపోయే వైరస్‌ని వెతికి పట్టుకుని, ముక్కలు చేసి, తుడిచేస్తుంది. తల్లిని చంపింది అలాంటి దొంగ వైరస్సేనని కుసుమ నమ్మకం. ఆ దొంగని పట్టుకోడానికే చదువుకుంది, పెళ్ళి కూడా మానుకుంది.

మొదట తన వెన్నునీరు తీయించి చూసుకుంది. ఏమీ లేదు. తర్వాత పెద్దమ్మది తీయించింది. అలా నా తునక ఒకటి సీసాలోకొచ్చింది. తెర మీద కుసుమ నన్ను చూసింది.

"దొరికింది సార్" అంది. ఏడుస్తోంది.

సార్ అంటే ప్రయోగశాల అధిపతి కూర్మారావు. ఆయన ముఖం నిండా గవ్వల మచ్చలు. ఆ మచ్చలు నా చేతిరాత. ఎనిమిదేళ్ళప్పుడు ఆయన్ని వదిలేశాను. ఆయన తమ్ముణ్ణీ చెల్లెల్నీ వదల్లేదు.

ఆయన తెర దగ్గరికి వంగి చూశాడు. "ఇన్నాళ్ళూ ఇక్కడున్నావా" అన్నాడు, నాతోనే అన్నట్టు. తర్వాత కుసుమ వైపు తిరిగి, "ఈ విషయం పైవాళ్ళకి చెప్పాలి. మీ పెద్దమ్మని గాజుగదిలో ఉంచాలి. ఒక్క తునక కూడా మిగలకూడదు. అర్థమైందా అమ్మా?" అన్నాడు.

అసిరమ్మకి డెబ్భై ఒకటి. గాజుగదిలో మంచం చూసి, "ఇదేటే, నన్ను సేపలాగ పెంచుతారా?" అంది. కుసుమ నవ్వలేదు. మంచం పక్కన కూర్చుని, నెమ్మదిగా, అంతా చెప్పింది.

"మీయమ్మని సంపింది ఇదేనంటావా?"

"ఇదే పెద్దమ్మా. నీలో ఎందుకో నిద్రపోయింది. అమ్మలో లేచింది."

"అలగైతే తీసీ. నాకెందుకా దరిద్రం" అంది అసిరమ్మ. మోచేతి వెనక తడుముకుంది. అక్కడ ముల్లు మచ్చ ఉంది. దాని గురించి ఏమీ చెప్పలేదు. చిన్నప్పటి మూఢాచారం చెబితే చదువుకున్న పిల్ల నవ్విపోతుందని సిగ్గుపడింది. ఆ సిగ్గు చేసిన నష్టం ఇంతా అంతా కాదు.

నాకు నోరుంటే అరిచేదాన్ని. జోగమ్మలో నేను లేను కాబట్టే అది పోయిందర్రా అని చెప్పేదాన్ని. దేవతలు చెప్పేవన్నీ మనుషుల నోటితోనే చెప్పాలి, నేను దాక్కున్న మనిషేమో నోరు మూసుకుంది.

* * *

ముందు ఎడమ చెయ్యి, ఫలితం చూశాక కుడిది. అదీ పద్ధతి.

ఊడ్పు నరంలోకి దిగింది. అరవై ఏళ్ళు పడుకున్న చోట నన్ను తునకలు తునకలుగా కోసుకుంటూ వచ్చింది. తరిమినప్పుడు నాలాంటివాళ్ళు చేసే పని ఒక్కటే. లేవడం. నరం వెంబడి చర్మం దాకా ఉరికి, పొక్కుగా పొంగి, బయటపడడం. మేం పుట్టిందే అందుకోసం.

దారి కూడా ఉంది. కుసుమ రోజూ వచ్చి ఆ చేతిని పట్టుకుని నొక్కి చూసేది. దాని కుడి చేతి తొడుగు చిటికెనవేలి దగ్గర చిరిగింది. రోజూ తొడుక్కునేది వేరే తొడుగే, అయినా రోజూ అక్కడే చిరిగేది. తలుపు గడియ చివర పదునుగా ఉంది, వేలు దానికి రాసుకుంటోంది. కుసుమకి తెలియడం లేదు. చర్మానికి చర్మం తగిలేది.

ఒక్క పొక్కు చాలు. ఆ వేలి మీంచి కుసుమ, కుసుమ నుంచి కూర్మారావు, అక్కడినుంచి కొండ కింద నగరం. టీకాలు మానేసి నలభై ఏళ్ళు దాటింది. మళ్ళీ డప్పులు, మళ్ళీ ఘటాలు, మళ్ళీ నా పేరు వింటే వణికే ఊళ్ళు. నాకు నోరూరలేదంటే అబద్ధం.

అయితే ఆ వేలు తగిలినప్పుడు ఇంకోటి కూడా తెలిసింది. వేలికి స్పర్శ లేదు. తొడుగు చిరిగినా తెలియని వేలు! ముప్ఫై ఆరేళ్ళకే మొదలైంది, తల్లికంటే రెండేళ్ళ ముందు. నా చేతి మీద నిద్రపోయిన పిల్లకి.

నేను లేస్తే ఆ పిల్ల పొక్కులతో పోతుంది. లేవకపోతే నన్ను తుడిచేసి, నరాలు ఆరిపోయి, ఎలాగూ పోతుంది. ఏ దారిలోనూ దానికి బతుకు కనిపించలేదు నాకు. నేను చేయగలిగింది ఒక్కటే, నా చేతులతో చంపకపోవడం. నా జన్మలో మొట్టమొదటిసారి నేను లేవలేదు. పళ్ళు బిగబట్టుకుని పడుకున్నాను. ఎడమ చేతిలో ఉన్న నన్నంతా ఊడ్చేశారు. ఎంత నొప్పో చెప్పను.

* * *

ఊరికే కూర్చోలేక అసిరమ్మ గాజుగదికి జీడిపప్పు తెప్పించుకుంది. ఎడమ వేళ్ళతో పప్పు పట్టుకుని, కుడి వేళ్ళతో పొట్టు వలిచేది. గుండు విరిగి బద్ద కాకుండా వలవడమే అందులో పనితనం. ఏభై ఏళ్ళ పనితనం అది.

పదో రోజు పొద్దున్న కుసుమ వచ్చేసరికి పళ్ళెం నిండా బద్దలే.

"ఏటో, పట్టు దొరకట్లేదే. ఉన్నాదో జారిపోనాదో తెలట్లేదు" అంది అసిరమ్మ. ఎడమ చేతిని కళ్ళ ముందు పెట్టుకుని, పప్పుని చూసుకుంటూ పట్టుకోబోయింది. వేళ్ళు దగ్గరకి రాలేదు.

కుసుమ గుమ్మంలోనే ఆగిపోయింది. వాళ్ళమ్మ జాకెట్టు గుండీ పెట్టుకోడానికి అచ్చం అలాగే వేళ్ళని కళ్ళతో చూసుకునేది. చూపుతో నడిపించేది. ఐదేళ్ళప్పుడు ఆ గుండీలు కుసుమే పెట్టేది.

పెద్దమ్మ చేతిని గబుక్కున పట్టుకుంది. అప్పుడు అసిరమ్మే చూసింది.

"ఓలమ్మా! నీ తొడుగు సిరిగినాది కాదేటి? రకతం కూడా వొత్తన్నాది. నొప్పెట్టట్లేదేటే?"

కుసుమ తన చిటికెనవేలు చూసుకుంది. గడియ గీసుకుని సన్నగా నెత్తురు కారుతోంది. నొప్పి లేదు.

ఆ రోజే ఆమెని కూడా గాజుగదిలోనే ఉంచేశారు. కూర్మారావు అద్దం అవతల కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒంటి మీద పొక్కు లేస్తుందేమోనని పన్నెండు రోజులు కాచుకున్నారు. ఆయన ఊరికే కూర్చోలేదు. గాజుపళ్ళాల్లో పెంచుతున్న అసిరమ్మ నరాల కణాలని రోజూ చూశాడు. నేనున్న పళ్ళెం నిగనిగలాడుతోంది. ఊడ్పు వేసిన పళ్ళెంలో ఒక్కటీ బతకలేదు.

పన్నెండో రోజు అద్దం దగ్గరికొచ్చి అన్నాడు. "దానికి తలుపు బార్లా తీసి ఉంది, కుసుమా. పది రోజులు. నా చిన్నప్పుడు కిటికీ సందు దొరికితే చాలు వచ్చేది. ఎందుకు రాలేదు?"

అసిరమ్మ తల వంచుకుని, మోచేతి వెనక మచ్చ చూపించి, ముత్తవ్వ దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ తనకే అర్థమైపోయింది.

"అయితే నానే సంపీనాను మీయమ్మని. ముల్లు నొప్పని నానే వొద్దన్నాను. దాన్ని కాసుకున్నాననుకున్నాను. ఓలమ్మో, సెల్లీ!"

పడిపోయిన ఎడమ చెయ్యి ఒళ్ళో పడుంది. కుడి చేత్తో నెత్తి కొట్టుకుంటుంటే కుసుమ ఆ చెయ్యి పట్టుకుంది.

"చిన్నపిల్లవి పెద్దమ్మా. చెల్లెలు ఏడవకూడదనుకున్నావు, అంతే. తెలిసి తెలిసి నీ చేతిని పాడుచేసింది నేను కదా?"

"నీకూ తెల్దు కదే."

"తెలుసుకోకుండా తెలుసనుకున్నాను."

ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. నేను కూడా, కుడి చేతి నరాల్లో మిగిలినదాన్ని, నాకు చేతనైనట్టు ఏడ్చాను.

* * *

గాజుగదిలోంచి బయటికొచ్చాక కుసుమ నా మీద ఎనిమిది నెలలు పనిచేసింది. నన్ను అక్షరం అక్షరం చదివింది. నేను లేవడానికీ, పొక్కుగా పొంగడానికీ, ఇంకొకరికి అంటుకోడానికీ పనికొచ్చే అక్షరాలన్నీ తీసేసింది. కణాన్ని పట్టి నిలబెట్టే నాలుగు వరసలు మాత్రం ఉంచింది. ఒక్క మాటలో చెప్పాలంటే, నా కాళ్ళు తీసేశారు. ఇక నేను ఏ ఒంట్లోకి పోతే అక్కడే ఉండాలి, ఆ మనిషితోపాటే పోవాలి. పొక్కు లేదు, జాతర లేదు, నా పేరు చెప్పి జడిపించే పని అసలే లేదు.

ఇది ఓటమేనా అని చాలా ఆలోచించాను. టీకాల జీపు చేతిలో ఓడినప్పుడు ఇంత ఆలోచించలేదు, కోపంగా పడుకున్నానంతే. ఏ ఊళ్ళోనూ నిలవని దాన్ని, ఇప్పుడు కదలలేను. ముందు భయమేసింది. కొన్నాళ్ళకి అదే బాగున్నట్టనిపించింది.

నన్ను కుసుమ ఒంట్లోకి ఎక్కించడానికి పైసంఘం అనుమతి ఇవ్వాలంటే కూర్మారావు సంతకం కావాలి. ఆయన కలం తీసి మూత పెట్టేశాడు. మళ్ళీ తీశాడు.

"మా తమ్ముడికి ఐదేళ్ళు, చెల్లికి మూడు. వాళ్ళని అడక్కుండా పెడుతున్నాను. నాకు దీనిమీద జాలేమీ లేదమ్మా. అవకాశం ఉండి కూడా రాలేదు చూడు, ఆ ఒక్కదానికీ పెడుతున్నాను" అన్నాడు.

క్షమించమని నేను అడగలేదు. ఆయన క్షమించనూ లేదు. అదే న్యాయం.

సూది వేసే రోజున నర్సు సిద్ధంగా ఉంటే, అసిరమ్మ ఒప్పుకోలేదు. "మా ఇంట్లో ఇది ఆడోల్లం సేసే పని" అని సూది తన కుడి చేతిలోకి తీసుకుంది. వేళ్ళు స్థిరంగానే ఉన్నాయి. ఆ వేళ్ళని నిలబెట్టింది నేనే మరి! కూర్మారావు ఊ అన్నాడు. కుసుమ మోచెయ్యి వెనక్కి తిప్పి కూర్చుంది. అసిరమ్మ అక్కడ కాస్త పసుపు రాసింది.

సూది ఆనించి ఆగింది. అలవాటు ప్రకారం ఏదో ఒకటి అనాలి. వాళ్ళింట్లో నాతో అనడానికి ఉన్నది ఒక్కటే మాట, పొలిమేర మాట. అసిరమ్మ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇదే నీ ఊరు తల్లీ" అంది. "రా."

నేను విన్నది నిజమా కాదా అని ఆగాను.

"ఇదే నీ ఊరు తల్లీ, రా. ఇదే నీ ఊరు. మా గుంటని కాసుకో. రా."

వచ్చాను. కాళ్ళు లేవు కదా, నరమే నన్ను మోసుకుంటూ పోయింది, రోజుకి గోరు వెడల్పంత. నెమ్మదైపోయిందని ఎంత తిట్టుకున్నానో! నేను పోయేలోగా దాని ఉంగరపువేలు కూడా మొద్దుబారింది. కుసుమ ఎవరికీ చెప్పకుండా సాయంత్రాలు పెద్దమ్మ పక్కన కూర్చుని, ఆవిడకి ఎడమ చెయ్యిగా తను పప్పు పట్టుకునేది. ఆవిడ కుడి చేత్తో పొట్టు వలిచేది. ఇద్దరికీ కలిపి రెండు చేతులు సరిపోయేవి.

నలభై రెండో రోజున మెడ దగ్గరికి చేరాను. కొన్ని కణాలు అప్పటికే ఆరిపోయాయి, వాటిని నేను లేపలేను. మిగిలినవి వణుకుతున్నాయి. ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్ళి, "భయపడకు, గవ్వలమ్మ వచ్చింది" అన్నాను. ఒకప్పుడు ఆ మాట వింటే ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యేవి.

ఇక్కడ ఎవరూ పారిపోలేదు.